దూడ వేరు, గేదె వేరు

ఆదివారంనాడు పిల్లల్ని వెంటబెట్టుకుని శామీర్‌పేట చెరువు చూడబోయే కుటుంబాలకు కొదవలేదు. సికింద్రాబాదునుంచి కరీంనగర్ పోయే రోడ్డు పట్టుకుంటే సుమారు 25 కిలోమీటర్లలో చెరువు వస్తుంది, దగ్గర్లోనే జవహర్ జింకల పార్కు. గట్టు ఎక్కి దిగి, తెచ్చుకున్న పులిహోర పొట్లాలు విప్పి, జింకల్ని చూసి పొద్దుపోయేలోగా ఇల్లు చేరుకుంటారు. ఆ జింకల ముందు నిలబడ్డ పిల్లలు తప్పకుండా వేసే ప్రశ్న ఒకటున్నది: “వీటిలో తల్లి ఏది? పిల్ల ఏది?” పెద్దవాళ్ళ జవాబూ ఒకటే: “పెద్దది తల్లి, చిన్నది పిల్ల.”

చుక్కల జింక మటుకు ఈ జవాబుతో సరిపెట్టుకోవచ్చు. 2014లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర జంతువుగా ఎంచుకున్న ఈ జింకకు ఒక విశేషం వున్నది. ప్రపంచంలో చాలా జాతుల జింకపిల్లలు ఒంటినిండా తెల్లచుక్కలతోనే పుడతాయి. అమెరికాలోని తెల్లతోక జింకలూ అంతే, ఐరోపాలోని ఎర్రజింకలూ అంతే. చెట్ల ఆకుల సందుల్లోంచి ఎండ నేలమీద చుక్కలు చుక్కలుగా పడుతుంది చూడండి, ఆ వెలుగునీడల్లో పడుకున్న పిల్ల వేటమృగం కంటికి ఆనదు. కొద్దినెలలు గడిచి, పరుగెత్తే శక్తి వచ్చాక ఆ చుక్కలు మాసిపోతాయి. మన చుక్కల జింక మాత్రం చంటిపిల్లనాటి చొక్కాను ముసలితనందాకా విప్పదు.

కృష్ణజింక సంగతి ఇందుకు పూర్తిగా ఎదురు. ఇది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. హైదరాబాదులో చూడదలుచుకుంటే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి వున్నది. ఇందులో మగపిల్ల కూడా తల్లిలాగే లేత గోధుమరంగులో వుంటుంది. కొమ్ములు ముందు నిటారుగా సూదుల్లా మొలిచి, వయస్సుతోపాటు ఒక్కొక్క మెలికా తిరుగుతాయి. రెండు మూడేళ్ళు గడిచాకగాని వీపు నల్లబడదు. ఇంత ఆలస్యం ఎందుకంటే, నల్లబడ్డ మగదాన్ని ఆ ప్రాంతం ఏలుతున్న పెద్ద మగజింక తరిమికొడుతుంది. గోధుమరంగులో వున్నంతకాలం కుర్రవాడు ఆడవాళ్ళ గుంపులో కలిసి, ఎవరికీ పోటీ కాకుండా మేతమేసి ఒళ్ళు పెంచుకోవచ్చు. రంగు మారిందంటే ఇల్లు వదలవలసిన రోజు వచ్చిందన్నమాటే.

కొండముచ్చు ఇంకా తమాషా. పెద్దవాటికి బూడిదరంగు బొచ్చు, మసిపూసినట్లున్న నల్లమొహం. పుట్టిన పిల్లకు నల్లటి బొచ్చు, పాలిపోయిన తెల్లమొహం. తల్లి బొమ్మను ఎవరో తిరగేసి అచ్చు వేసినట్లుంటుంది. ఆ రంగు వున్నన్నాళ్ళూ గుంపులోని ఆడవన్నీ ఆ పిల్లకోసం ఎగబడతాయి, ఒకదాని ఒళ్ళోంచి ఇంకొకటి తీసుకుని ఎత్తుకు తిరుగుతాయి. మన ఇళ్ళలో బాలింత గదిలోకి చుట్టాలు వచ్చినప్పుడు జరిగేదీ ఇదే కదా!

పిల్లజంతువు కనబడితే ఎత్తుకోబుద్ధి పుట్టటం మనుషులకూ వున్నదే. దీనికి కారణాన్ని 1943లో కోన్రాడ్ లోరెన్జ్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు వివరించాడు. 1973లో నోబెల్ బహుమానం పొందిన ముగ్గురిలో ఈయన ఒకడు. ఒంటికి మించిన తల, ఉబ్బెత్తు నుదురు, మొహంలో కాస్త కిందికి అమరిన పెద్దకళ్ళు, గుండ్రటి బుగ్గలు, పొట్టి ముక్కు — ఇవి కనిపిస్తే చాలు, మనిషికి తెలియకుండానే చేతులు ముందుకు చాపబుద్ధవుతుందన్నాడు. ఆ రూపానికి కారణం మరేమీ లేదు. మెదడూ కళ్ళూ ముందు ఎదుగుతాయి, మూతీ దవడా తరువాత సాగుతాయి. మన పసిపాపకు తల ఒంటి పొడుగులో నాలుగోవంతు, పెద్దయ్యాక ఏడు ఎనిమిదో వంతు. కుక్కపిల్లకు మూతి పొట్టి. ఆవుదూడకు కాళ్ళు పొడుగు, ఎందుకంటే పుట్టిన గంటలోనే లేచి మందవెంట నడవవలసిన ప్రాణి అది. ఏ అవయవం ముందు కావాలో అదే ముందు సిద్ధమై వస్తుంది.

ఈ ముద్దే ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకం. అడవిపక్కన గడ్డిలో ఒంటరిగా ముడుచుకు పడుకున్న జింకపిల్ల కనబడుతుంది. తల్లి ఎక్కడా లేదు. “అయ్యో, అనాథ” అనుకుని ఎవరో దాన్ని ఇంటికి ఎత్తుకొస్తారు. నిజానికి పుట్టిన మొదటి రోజుల్లో జింకపిల్లకు ఒంటరితనమే రక్ష. దాని ఒంటికి వాసన దాదాపు వుండదు. తల్లి వచ్చి పాలిచ్చినప్పుడల్లా దాని మలమూత్రాలు కూడా నాకి శుభ్రం చేస్తుంది. అలికిడి అయితే పిల్ల పరుగెత్తక, నేలకు అంటుకుని కదలకుండా వుండిపోతుంది. వాసన గల తల్లి ఎప్పుడూ పక్కనే వుంటే వేటకుక్కలకు దారి చూపించినట్లే. అందుకని ఆమె దూరంగా మేస్తూ, వేళకు వచ్చి పాలిచ్చి పోతుంది. తిరిగి వచ్చేసరికి పిల్ల లేదు! పెద్దజింక గడ్డిలో కదలకుండా పడివుంటే దానికి జబ్బు చేసిందనుకోవచ్చు. పిల్ల పడివుంటే క్షేమంగా వున్నదన్నమాట. అట్లాంటి పిల్లను అక్కడే వదిలి మనమే దూరంగా జరగాలి. దెబ్బ తగిలినట్లు కనిపిస్తే అటవీశాఖవారికి కబురుచేయాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో పెంచుకోవటం ఎలాగూ నేరం.

ముద్దుచేసి చంపటం ఒక రకం. ముద్దుచేస్తూనే నోటిదగ్గరి కూడు లాక్కోవటం ఇంకొక రకం. దీనికోసం అడవిదాకా పోనక్కరలేదు. శామీర్‌పేటనుంచి పడమటికి మళ్ళి మేడ్చల్ వైపు పోతే పాడి వున్న ఊళ్ళు తగులుతాయి. అక్కడివారు గేదెను బర్రె అంటారు. బర్రె ఈనిందంటే పట్నంలోని చుట్టాలకు, వాడకం పోసే ఇళ్ళకు జున్నుపాలు వస్తాయి. జున్ను అంటే నోరూరనివారు ఎవరు? ఈ వ్యాసం రాస్తున్నవారికీ ఊరుతుంది. ఆ జున్నులో బెల్లంతోపాటు ఏమి కలిసి వస్తున్నదో మాత్రం ఒకసారి చూడాలి.

మనిషికి బిడ్డ కడుపులో వుండగానే తల్లి రక్తంలోని రోగనిరోధక పదార్థాలు మావి దాటి బిడ్డకు చేరతాయి. మనపిల్ల ఎంతో కొంత కవచంతోనే పుడుతుంది. గేదె, ఆవు, మేక, గొర్రె — ఈ నెమరువేసే జంతువుల మావి వేరు. అందులోంచి అవి దాటిపోలేవు. దూడ పుట్టేటప్పటికి దాని రక్తంలో ఆ రక్షణ దాదాపు సున్న. ఉండవలసిన కవచమంతా తల్లి పొదుగులో ముర్రుపాల రూపాన ఎదురుచూస్తూ వుంటుంది.

అంతటితో అయిపోలేదు. ఆ పాలు తాగినా ఫలితం వుండేందుకు గడువున్నది. పెద్దగేదె పేగు ఏ మాంసకృత్తినైనా ముక్కలు చేసి జీర్ణించుకుంటుంది. అప్పుడే పుట్టిన దూడ పేగుమాత్రం ముర్రుపాలలోని ఆ రక్షక పదార్థాలను చెక్కుచెదరకుండా అట్లాగే రక్తంలోకి పోనిస్తుంది. ఆ తలుపు గంటగంటకూ మూసుకుంటూ వచ్చి, సుమారు ఒక రోజు గడిచేసరికి మూతపడుతుంది. తరువాత బిందెడు ముర్రుపాలు తాగించినా అవి ఒట్టి ఆహారమే. పైగా మొదటి పితుకులో వున్నంత సారం రెండో పితుకులో వుండదు, సుమారు సగానికి పడిపోతుంది. జున్ను గట్టిగా, కత్తితో కోస్తే ముక్క నిలిచేటట్లు వచ్చేది కూడా ఆ మొదటి పితుకుతోనే! దూడకు ఏది ప్రాణమో, మన గిన్నెకు అదే రుచి.

పుట్టిన ఒకటి రెండు గంటల్లో మొదటిసారి, ఆ రోజు ముగిసేలోగా మొత్తంమీద దూడ బరువులో పదోవంతు తాగించాలని పశువైద్యులు చెబుతారు. ముప్ఫై కిలోల దూడకు మూడు కిలోల పాలు. మాయ పడేదాకా పాలు తాగనివ్వకూడదనే నమ్మకం చాలా ఊళ్ళలో వున్నది. మాయ పడటానికి ఒక్కోసారి ఏడెనిమిది గంటలు కూడా పట్టవచ్చు. అంతసేపూ తలుపు మూసుకుంటూనే వుంటుంది. మొదటిరోజు దూడ కడుపునిండా తాగాక తరువాత మూడు నాలుగు రోజులూ గేదె ఇచ్చే పాలు దూడ ఒక్కటే తాగలేదు. జున్నుకు అవి చాలు. రుచి వీసమెత్తు తగ్గితే తగ్గుతుంది.

మగదూడ అయితే సంగతి మరీ అన్యాయం. ఎడ్లకున్న గిరాకీ దున్నలకు లేదు, అరక దున్నేది ఇప్పుడు ట్రాక్టరు. కనుక మగదూడకు రెండు చుక్కలు చీకించి, గేదె చేపగానే పక్కకు లాగి కట్టేస్తారు. అది చిక్కి చిక్కి చనిపోతే గేదె పాలు చేపదు. ఆ దూడ చర్మంలోనే గడ్డి కూరి, బొమ్మచేసి తల్లి ముందు నిలబెట్టే అలవాటు ఒకప్పుడు పల్లెల్లో చూడని వారు లేరు. తల్లి ఆ గడ్డిబొమ్మను నాకుతూ పాలిచ్చేది. వాసననుబట్టి దూడను పోల్చుకునే జంతువు కావటంచేత ఆ మోసం సాగింది.

బతికిన దూడకు ఇంకొక గండం వున్నది. “రెండు వారాలు వచ్చాయి, పళ్ళున్నాయి, గడ్డి వేస్తే అదే మేస్తుంది” అని పాలు మాన్పించేస్తారు. గేదెకు పొట్టలో నాలుగు అరలుంటాయని బడిలో చదువుకున్నాం. పెద్దగేదెలో మొదటి అర ఒక పెద్ద గోలెమంత. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు చేరి గడ్డిని పులియబెట్టి, ఆ పులిసినదాన్ని గేదెకు ఆహారంగా ఇస్తాయి. పుట్టిన దూడలో ఆ గోలెం ముడుచుకుపోయిన చిన్న సంచీ. అందులో సూక్ష్మజీవులూ వుండవు. నాలుగో అరే పెద్దది, పాలను విరిచే రసం ఊరేది అందులోనే. జున్నుగడ్డ, చీజ్ చేసేవారు పూర్వంనుంచీ వాడుతున్నది దూడ కడుపులోని ఆ రసమే. దూడ మెడచాపి పొదుగు చీకినప్పుడు, గొంతుకింద ఒక కాలువ రెండు అంచులూ దగ్గరికి వచ్చి గొట్టంలా మూసుకుంటుంది. పాలు మొదటి అరలో పడకుండా నేరుగా నాలుగో అరకు పోతాయి. ఎంత చక్కని ఏర్పాటు! దూడ తలను బలవంతాన పైకెత్తి వెదురుగొట్టంతో గబగబా పోసేవారు ఈ కాలువను చెడగొడతారు. పాలు వద్దన్న అరలో పడి పుల్లబడతాయి, ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తుల్లోకే పోతాయి.

అంటే రెండు వారాల దూడ, నోట్లో గడ్డిపరక వున్నా, నిజానికి గడ్డితినే జంతువు ఇంకా కాలేదు. పరకలు కొరికి, తల్లి నాకిన చోటల్లా నాకి, కాస్త దాణా తిని, సూక్ష్మజీవుల్ని సంపాదించుకుని, ఆ పులుపు తగిలి మొదటి అర గోడలు ఎదిగేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. గేదెదూడలకు నులిపురుగులు తల్లిపాలద్వారానే సంక్రమిస్తాయి కనుక పది పదిహేను రోజులకే పశువైద్యునిచేత మందు వేయించటం కూడా అవసరం.

కోడిపిల్ల విషయానికి వద్దాం. మేడ్చల్, శామీర్‌పేటల చుట్టుపక్కల కోళ్ళఫారాలు చాలా వున్నాయి. లోపలికి పోనిచ్చేవారుంటే ఒక్కరోజు వయస్సు పిల్లలు వచ్చిన నాడు చూడవలసిన దృశ్యం. ఊక పరిచిన నేలమీద, దీపాలకింద, పసుపురంగు పత్తివుండల్లా వేలాది పిల్లలు. వాటిని అట్టపెట్టెల్లో పెట్టి ఎంతెంత దూరంనుంచో తెస్తారు. దారిలో దాణా వుండదు. 21 రోజులు గుడ్డులో వుండి, బయటికి వచ్చేముందు పిల్ల మిగిలిన పచ్చసొనను తన కడుపులోకి లాక్కుంటుంది. ఆ సద్దిమూటతో రెండు రోజులు గడుపుకోగలదు. ఆకలికి తట్టుకోగల ఆ ప్రాణి చలికి మాత్రం తట్టుకోలేదు. పెద్దకోడి ఒంటివేడి తనే నిలుపుకుంటుంది. పిల్లకు ఆ శక్తి మొదటి రెండు మూడు వారాల్లో నెమ్మదిగా వస్తుంది. ఒంటిమీద వున్నది నూగేగాని ఈకలు కావు. అందుకే మొదటివారం 35 డిగ్రీల వేడి కావాలి, తరువాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవచ్చు. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. దీపంకింద ఒకదానిమీద ఒకటి ఎక్కితే చలి, గోడలకు అంటుకుని నోళ్ళు తెరిస్తే వేడి, అంతటా పరుచుకుని తిరుగుతుంటే సుఖం.

బస్తీల్లో బుట్టనిండా గులాబి, ఆకుపచ్చ రంగులు వేసిన కోడిపిల్లల్ని అమ్ముతారు, ఎరుగుదురు కదా. గుడ్లుపెట్టే జాతుల్లో మగవాటితో ఫారాలవారికి పనిలేదు. అట్లా వదిలించుకున్నవే చాలావరకు ఈ రంగుపిల్లలు. పిల్లలు ఏడిస్తే కొనిస్తాం. రాత్రి అట్టపెట్టెలో పెట్టి, ఫాను వేసుకుని పడుకుంటాం. తెల్లారేసరికి అది బిగుసుకుపోయి వుంటుంది. “రంగు పడలేదు” అంటారు. చాలాసార్లు చంపింది చలి. కొనకపోవటం ఉత్తమం. కొనివుంటే, పాతకాలపు నలభైవాట్ల బల్బు ఒకటి సంపాదించి పెట్టెకు ఒకవైపు వేలాడగట్టి, రెండోవైపు ఖాళీగా వుంచండి. వేడి ఎక్కువైతే జరుగుతుంది. ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బులో వెలుగే తప్ప ఆ వెచ్చదనం రాదు.

ఫారంలో ఇంకో వింత వున్నది. ఆరువారాలకు రెండు కిలోలు తూగే బ్రాయిలర్ కోడిని దగ్గరగా విన్నారా? కొక్కొరోకో అనదు, కొక్‌కొక్ అనీ అనదు. కిచకిచమంటుంది. గుడ్లుపెట్టే జాతికోడి పెట్ట కావటానికి నాలుగున్నర, అయిదు నెలలు పడుతుంది. ఆరువారాలది ఎంత బరువున్నా పిల్లే. ఒళ్ళు ముందు పరుగెత్తింది, వయస్సు వెనక నడుస్తున్నది. తెల్లటి ఆ పెద్ద ఆకారంలోంచి చిన్నపిల్ల గొంతు వస్తుంటే మొదటిసారి విన్నవారికి ఒళ్ళు ఒక విధంగా అవుతుంది.

మళ్ళీ చెరువు దగ్గరికి పోదాం, వానాకాలం వచ్చిందనుకోండి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను, ఇక్కడ కొర్రమట్ట అంటారు. పెద్దది మసినలుపు. పిల్లలు ఎరుపు కలిసిన నారింజరంగులో, ఒక ముద్దలా గుంపుకట్టి నీటిపై అంచున మెదులుతాయి. కింద తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి. ఆ ఎర్రముద్దను చూసి గాలం వేసేవారికి కాపలాచేప సులువుగా చిక్కుతుంది. అది చిక్కిందంటే మిగిలిన చేపలకు ఆ ముద్ద ఫలహారం. ఊపిరిలో కూడా తల్లికీ పిల్లకూ పొత్తు లేదు. పిల్ల మొదట్లో నీటిలోని గాలితోనే బతుకుతుంది. పెద్దది మధ్యమధ్య పైకి వచ్చి గాలి మింగకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. చేప మునిగి చావటమా అని నవ్వకండి, నిజంగా అంతే.

కప్ప సంగతి అందరూ ఎరిగినదే. తోకకప్పలు చాలావాటికి పాచి ఆహారం, అందుకు గడియారం స్ప్రింగులా చుట్టుకున్న పొడవాటి పేగు. కప్పకు పురుగులు ఆహారం, పేగు పొట్టి. ఈ మార్పుకు తాళంచెవి మెడలోని థైరాయిడ్ గ్రంథి అని 1912లో గుడెర్నాచ్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. థైరాయిడ్ తినిపిస్తే తోకకప్పలు వేళకు ముందే కాళ్ళు మొలిచి ఈగంత కప్పలయ్యాయి. వయస్సు రాకుండానే పెద్దరికం!

గట్టుమీద కూర్చున్నవారికి బుడుంగున మునిగి ఎక్కడో తేలే చిన్న నీటిపక్షి కనిపిస్తుంది, బుడబుంగ. పెద్దది ఒకే గోధుమనలుపు. పిల్లల తలకూ మెడకూ తెల్లచారలు. పుట్టిన రోజునుంచీ ఈదగలిగినా తల్లి వీపుమీద ఎక్కి రెక్కలసందున దూరి ప్రయాణం చేస్తాయి. జాగ్రత్తగా చూస్తే తల్లి వీపున చారల తల ఒకటి తొంగిచూస్తుంది.

ఇంతదూరం పోలేనివారు ఇంట్లో కూర్చునే ఒక పరీక్ష చేసుకోవచ్చు. నగరంలో ఎటుచూసినా పావురాలే గదా, పావురంపిల్లను ఎప్పుడైనా చూశారా? చూడనివారే ఎక్కువ. అది గూట్లో కళ్ళు తెరవకుండా, పసుపు నూగుతో, మొహానికి మించిన ముక్కుతో పుడుతుంది. తల్లీతండ్రీ ఇద్దరి గొంతుసంచిలోనూ ఊరే పాలవంటి పదార్థం తాగి, సుమారు నెలరోజులు గూట్లోనే వుండి, పెద్దదాని సైజుకు వచ్చాకే బయటికి వస్తుంది. అందుకే ఎవరికీ కంటబడదు. ఈసారి బాల్కనీలో వాలినవాటిని పరకాయించి చూడండి. ముక్కుమొదట వుండే బొడిపె తెల్లగా కాక బూడిదరంగులో వుండి, కన్ను నారింజరంగుకు బదులు ముదురుగోధుమగా వుండి, మెడమీద ఆకుపచ్చ మెరుపు లేకుండా, కువకువమనక సన్నగా చీమంటూ ఇంకొకదాని వెంటపడుతున్నదంటే అది గూడువిడిచి ఎక్కువకాలం కాని పిల్ల.